శుక్రవారం బిల్డ్: స్టూడెంట్ గేమ్ టీమ్‌ని నడిపించే ప్రొడ్యూసర్ కోసం

ఇంజనీరింగ్ చివరి ఏడాది మేజర్ ప్రాజెక్ట్‌గా ఒక గేమ్ చేస్తామని గైడ్‌ని ఒప్పించి, ఇప్పుడు టీమ్‌ని ఎవరు చూసుకోవాలో తేల్చుకోలేకపోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హనుమకొండలో చదువుతూ మేం చేసిన గేమ్‌కి నేను ప్రొడ్యూసర్‌ని. ఆడేవాళ్లు అందులో ఒక ఊరి నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకి పంచే మనిషి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే నీళ్లు కింది చెరువుకి చేరతాయి. ఏ తూము ఎప్పుడు తీయాలి, ఎంతసేపు తీసి ఉంచాలి, కట్ట తెగకుండా ఆఖరి మడి దాకా తడి ఎలా అందించాలి, ఇదే ఆట. పాకాల, రామప్ప, లక్నవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లకి గొలుసుకట్టు చెరువుల గురించి వేరే చెప్పక్కర్లేదు. వాటిని వేలితో తాకి నడిపించే గేమ్ మాత్రం మాకు ఎక్కడా కనబడలేదు. అందుకే మొదలుపెట్టాం.

మా బ్యాచ్‌లో నలుగురం: ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక డిజైనర్, నేను. బొమ్మలు వేయడానికి హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న ఇద్దరు వచ్చారు. సౌండ్ మా కాలేజీ జూనియర్ చూసుకున్నాడు. మొత్తం ఏడుగురం. అందులో ముగ్గురికి ఈ ప్రాజెక్ట్‌తో ఒక్క మార్కు కూడా రాదు.

స్టూడియోలో ప్రొడ్యూసర్ మాటకి వెనక జీతాలుంటాయి, కాంట్రాక్టులుంటాయి. మన దగ్గర అవేవీ లేవు. ఎవరినీ తీసేయలేం, ఎవరికీ డబ్బులివ్వలేం, కాస్త గట్టిగా అడిగితే మర్నాడు మెస్‌లో మొహం తిప్పుకుంటారు. అందుకే నేను ఒక్క పద్ధతిని గట్టిగా పట్టుకున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రానికి, అప్పటిదాకా తయారైన గేమ్ ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవాలి, ఏడుగురమూ దాన్ని ఆడాలి. అలా ఫోన్‌లో నడిచేలా తయారైన గేమ్‌నే బిల్డ్ అంటాం. కింద చెప్పబోయే ప్రతి పనీ ఆ శుక్రవారం కోసమే.

ముందు గంటల లెక్క

ఏ గేమ్ చేయాలో మాట్లాడుకునే ముందు, మీ దగ్గర ఎన్ని గంటలున్నాయో కాగితం మీద వేయండి. సెమిస్టర్ 16 వారాలు అనుకుందాం. రెండు మిడ్స్‌కి కలిపి మూడు వారాలు పోతాయి. సంక్రాంతికి ఒకటి, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్‌కి ఒకటి, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లకి ఒకటి తీసేయండి. మిగిలేవి 10. మాది ఓరుగల్లు వైపు కాబట్టి రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరని కూడా క్యాలెండర్‌లో ముందే గీసుకోవాలి. ఆ వారం ఎవరూ దొరకరు, దొరకాలని ఆశించడం కూడా సరికాదు.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇయ్యగలవు?" అందరి ముందు అడిగితే 20 అంటారు. టీ తాగుతూ ఒంటరిగా అడిగితే ఎనిమిదో, ఆరో అంటారు. సగటున 8 వేసుకుంటే ఏడుగురికి 10 వారాల్లో 560 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఒక్క ఉద్యోగికి ఇది 14 వారాల పని. అంటే ఏడుగురం సెమిస్టరంతా కష్టపడి చేసేది, స్టూడియోలో ఒక్కరు మూడు నెలల పైచిలుకులో చేసే పనంత. ఈ అంకె బోర్డు మీద రాశాక మా టీమ్‌లో ఓపెన్ వరల్డ్ (ఎటైనా తిరగగలిగే పెద్ద ప్రపంచం ఉన్న గేమ్) మాట మళ్లీ వినబడలేదు. పైగా ఆ 560లో 30 శాతం బగ్‌లకీ, చేసిందే మళ్లీ చేయడానికీ పక్కన పెట్టాలి. మిగిలిన 390 గంటలనే పనులకి పంచాలి. రివ్యూలకి కావలసిన డాక్యుమెంటేషన్ కూడా ఆ 390లోంచే రావాలి, ఇది చాలామంది లెక్కలో వేయరు.

అదే టీ దగ్గర రెండో ప్రశ్న కూడా అడగండి: "దీన్నుంచి నీకేం కావాలి?" ఇది మొహమాటం లేకుండా అడగాలి, వచ్చిన జవాబు రాసిపెట్టుకోవాలి. మా ప్రోగ్రామర్లలో ఒకరికి ఇంటర్వ్యూలో చూపించడానికి నీళ్ల సిమ్యులేషన్ కావాలి. ఒక ఆర్టిస్టుకి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే బ్యాక్‌గ్రౌండ్‌లు కావాలి, క్యారెక్టర్లు అస్సలు వద్దు. సౌండ్ చేసే తమ్ముడికి తన పేరు గేమ్‌లో కనబడాలి, అంతే. మార్కులు రాని మనిషి నెలల తరబడి పనిచేయాలంటే అతను అడిగింది ఆ పనిలోనే దొరకాలి. పనులు పంచేటప్పుడు నేను స్కిల్స్ కంటే ముందు ఈ జవాబుల్ని చూశాను. క్యారెక్టర్లు వద్దన్న అమ్మాయికి ఒక్క క్యారెక్టర్ కూడా ఇవ్వలేదు. మా గేమ్‌లో మనుషులు చిన్నగా, దూరంగా కనబడటానికి అదీ ఒక కారణం.

ఇంజన్ ఏదన్నది వాదించి తేల్చకండి

గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ని ఇంజన్ అంటారు. మా ప్రోగ్రామర్లిద్దరికీ యూనిటీ అనే ఇంజన్ వచ్చు. డిజైనర్ గోడో అన్నాడు. ఇలాంటి వాదన హాస్టల్ గదిలో తెల్లారేదాకా సాగుతుంది, చివరికి గొంతు పెద్దగా ఉన్నవాడి మాట నెగ్గుతుంది. దాన్ని ఒక్క రోజు పరీక్షగా మార్చేయండి. మీ గేమ్‌కి తప్పనిసరైనవి రాసుకుని, రెండు ఇంజన్లలోనూ చిన్న తెర ఒకటి తయారు చేసి ఫోన్‌లో చూడండి.

మాకు తప్పనిసరైంది తెలుగు. ఊరి పెద్దాయన మాటలు, తూము మీద రాతలు అన్నీ తెలుగులోనే ఉండాలి. "స్త్రీలు నీళ్లు తెస్తున్నారు" అనే ఒక్క వాక్యం రెండింట్లోనూ పెట్టాం. యూనిటీలో తెర మీద అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో ఒత్తులు విడిపోయాయి, "స్త్రీ" ముక్కలు ముక్కలైంది. తెలుగులాంటి లిపుల్లో అక్షరాలు ఒకదానికింద ఒకటి చేరి కొత్త రూపం తీసుకుంటాయి కదా, ఆ కూర్పు చేసే ఏర్పాటు దాంట్లో లేదు. గోడో 4 లోపల హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ కూర్పు చేస్తుంది, వాక్యం చక్కగా వచ్చింది. యూనిటీలో కూడా దారులున్నాయి, తెలుగు మాటల్ని ముందే బొమ్మలుగా చేసి పెట్టుకోవచ్చు. కానీ డైలాగ్ మారిన ప్రతిసారీ బొమ్మ మార్చడానికి మా 390లో గంటలు లేవు. ఆ సాయంత్రమే గోడో అనుకున్నాం. ఎవరూ ఓడిపోయినట్టు అనుకోలేదు, ఎందుకంటే ఫోన్‌లో కనబడినదాన్ని ఎవరూ కాదనలేరు. గోడో ఎంఐటీ లైసెన్స్ కింద ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇవి రెండూ మాకు అదనంగా కలిసొచ్చాయి.

తెలుగులో గేమ్ చేసే ప్రతి టీమూ మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయాలని గట్టిగా చెప్తున్నాను. ఫాంట్‌లకి మండలి, రామభద్ర, సూరన్న, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉచితంగా దొరుకుతాయి. లైసెన్స్ ఫైలు కూడా గేమ్‌తో పాటు ఉంచండి.

నీళ్లు

గేమ్‌లో ఏ ఒక్కటి పనిచేయకపోతే మిగతాదంతా వృథాయో, దాన్ని ముందు చేయాలి. మాకు అది నీళ్లు. పూర్తి స్థాయి తయారీకి ముందు ఉండే ఈ వెతుకులాటని తేదీలతో బంధించలేమని గేమ్ డిజైనర్ మార్క్ సెర్నీ 2002లో డైస్ అనే గేమ్ పరిశ్రమ సదస్సులో చెప్పారు. స్టూడియోలకి అది నిజం. సెమిస్టర్‌కి మాత్రం చివరి తేదీ ఉంది, కాబట్టి వెతుకులాటకి కూడా గడువు పెట్టాల్సిందే. నేను చేసింది ఇది: ఇద్దరు ప్రోగ్రామర్లకీ ఒకే వారం, ఒకే ఫోన్, ఒకే పరీక్ష. ఒకరు వేల కొద్దీ చిన్న బిందువుల్ని ఫిజిక్స్‌తో కదిలించారు. ఇంకొకరు తెరని చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో ఎంత నీరుందో ఒక అంకె ఉంచి, ప్రతిసారీ పక్క గడిలో తక్కువుంటే కొంత అటు పంపారు. రెండోదాన్ని సెల్యులర్ ఆటోమేటా అంటారు.

పరీక్ష ముందే కాగితం మీద ఉంది. సెకనుకి 30 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లలో పూర్తవాలి. మా జూనియర్ వాడే చవక ఫోన్‌లోనే చూడాలి, గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కాదు. బిందువుల నీళ్లు ల్యాప్‌టాప్‌లో కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉన్నాయి. ఫోన్‌లో చెరువు నిండేలోపే ఆట నత్తనడకన పడింది. గళ్ల నీళ్లు మొదట్లో మెట్లు మెట్లుగా కనబడ్డాయి. "మామా, నీళ్లు గోడెక్కుతున్నయ్ రా" అని నవ్వులు కూడా అయ్యాయి. కానీ ఆట ఆగలేదు. తర్వాత ఆర్టిస్టు పైన ఒక మెత్తటి అంచు గీసి ఆ మెట్లని దాచేసింది.

ఇక్కడ ప్రొడ్యూసర్ చేయాల్సిన ఒక పని చాలామంది వదిలేస్తారు. ఎంపిక కాని పని చేసిన మనిషి గురించి ఆలోచించడం. బిందువుల నీళ్లు చేసిన మిత్రుడికి ఇంటర్వ్యూలో చూపించుకునే సిమ్యులేషన్ కావాలని నాకు ముందే తెలుసు. ఆ కోడ్‌ని పారేయకుండా మత్తడి దగ్గర ఎగిరే తుంపరకి వాడాం, కొన్ని బిందువులు చాలు కదా. గేమ్‌లో అందరూ మెచ్చుకునే దృశ్యం అదే అయింది.

గీత గీయడం

డిజైనర్ మొదట రాసిన పత్రంలో 12 స్థాయిలు, మూడు కాలాలు, పగలూ రాత్రీ, ఊరి సంత, బతుకమ్మ ఉన్నాయి. ప్రతిదీ బాగుంది. ప్రతిదానికీ గంటలు వేశాం. వేసేవాళ్లు ఆ పని చేసేవాళ్లే అయి ఉండాలి, మీరు వేయకూడదు. వాళ్లు చెప్పిన అంకెని నేను ఒకటిన్నర రెట్లు చేసి షీట్‌లో పెట్టాను. చదువు మధ్యలో చేసే పనికి అంత వెసులుబాటు కావాలి, ఇది వాళ్లకి చెప్పే చేశాను.

తర్వాత మొత్తం జాబితాని ఒకే వరుసలో పేర్చండి. పక్కపక్కన రెండు ముఖ్యమైనవి ఉండకూడదు, ఒకటి పైన ఉంటే ఇంకొకటి కిందే ఉండాలి. పైనుంచి గంటలు కూడుతూ రండి. 390 దగ్గర ఎర్ర గీత గీయండి. గీత కింద ఉన్నది ఈ సెమిస్టర్‌లో లేదు. మాకు 5 స్థాయిలు, ఒకే వానాకాలం, పగలు మాత్రమే మిగిలాయి. సంత పోయింది. బతుకమ్మ పోయింది.

గీత కింద పడిన ప్రతిదానికీ ఒక మనిషి ఉంటారు. మీటింగ్‌లో అందరి మధ్య వాళ్లకి ఆ సంగతి తెలియకూడదు. ముందురోజే ఫోన్ చేయండి. బతుకమ్మ ఘాట్ దృశ్యం అప్పటికే సగం గీసిన ఆర్టిస్టుకి నేను చెప్పిన మాటలు ఇవి: "ఈ బొమ్మలో ఆడించడానికి మన దగ్గర గంటలు లేవు. దీన్ని స్థాయిగా తీసేస్తున్నాం. నీ పని నచ్చక కాదు. మొదటి తెరకి ఇది వాడితే నీకు ఇష్టమేనా?" ఆ రాత్రి తను ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం మొదటి తెర కొలతలు అడిగింది. ఇలా వేరే చోటు దొరకడం ప్రతిసారీ సాధ్యం కాదు. దొరకనప్పుడు తీసేస్తున్నామని సూటిగా చెప్పి, ఎందుకో వివరించి, ఆ బొమ్మ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు వాళ్లదేనని రాసివ్వండి.

గురువారం రాత్రి, శుక్రవారం సాయంత్రం

కోడ్, బొమ్మలు అన్నీ గిట్‌లో ఉండాలి, అంటే ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని అందరి పనినీ ఒకచోట కలిపే సాఫ్ట్‌వేర్‌లో. వాట్సాప్‌లో జిప్ ఫైళ్లు పంపుకోవడం మొదటి రోజే ఆపేయండి. గోడోలో సీన్ (గేమ్‌లోని ఒక్కో భాగం) ఫైళ్లు చదవగలిగే టెక్స్ట్‌గా ఉంటాయి కాబట్టి కలపడం కాస్త తేలిక. అయినా ఒక సీన్‌ని ఒకేసారి ఇద్దరు మార్చకూడదు. ఏ సీన్ ఎవరి దగ్గరుందో ఒక షీట్‌లో రాస్తే సరిపోతుంది. 'డాట్ గోడో' ఫోల్డర్‌ని గిట్ పట్టించుకోకుండా చేయండి. బొమ్మల పక్కన పుట్టే 'డాట్ ఇంపోర్ట్' ఫైళ్లని మాత్రం తప్పక చేర్చండి. గిట్ ఫైళ్లని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలుని కూడా తీసుకోదు, అందుకని ఆర్టిస్టుల పెద్ద ఒరిజినల్ ఫైళ్లు డ్రైవ్‌లో, గేమ్‌లోకి వెళ్లే చిన్నవి గిట్‌లో పెట్టాం.

ఫైన్ ఆర్ట్స్ వాళ్లకి గిట్ భయం. కమాండ్‌లు నేర్పకండి. గిట్‌హబ్ డెస్క్‌టాప్ పెట్టి, ఏ బటన్ తర్వాత ఏ బటనో తెరల ఫొటోలతో ఒక పేజీ తయారు చేసి ఇవ్వండి. నేను ఒక ఆదివారం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని చేయించాను. సెమిస్టర్ మొత్తంలో నాకు బాగా ఫలితమిచ్చిన ప్రయాణం అది.

మా వారం ఇలా నడిచేది. గురువారం రాత్రి 10 గంటలకి తలుపు మూసేస్తాం. అప్పటికి మెయిన్ బ్రాంచ్‌లో (గిట్‌లోని అసలు కాపీలో) చేరినదే ఈ వారం గేమ్. చేరనిది వచ్చే వారం చేరుతుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. శుక్రవారం మధ్యాహ్నం బిల్డ్ డ్యూటీ ఉన్నవాళ్లు ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించే ఫైలు) తయారు చేసి అందరికీ పంపుతారు. ఈ డ్యూటీ ఇద్దరు ప్రోగ్రామర్లు, డిజైనర్ మధ్య తిరగాలి. బిల్డ్ చేయడం ఒక్కరికే తెలిస్తే, వాళ్లకి జ్వరం వచ్చిన వారం గేమ్ ఉండదు.

సాయంత్రం అందరం కాల్‌లో కలుస్తాం. ముందు ఆ వారం ఏ కోడూ రాయనివాళ్లు ఆడాలి, ప్రోగ్రామర్లు చివర్లో. ఆడినంతసేపు చేసినవాళ్లు మాట్లాడకూడదు. ప్రతి ఒక్కరూ తాము గమనించిన ఒక్క విషయం చెప్పాలి. తర్వాత వచ్చే వారం పనులు ఎంచుకుంటాం. ముప్పావు గంటలో అయిపోవాలి. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతిలో రోజూ 15 నిమిషాల మీటింగ్ ఉంటుంది. వేరువేరు టైమ్‌టేబుళ్లున్న విద్యార్థులకి రోజూ కుదరదు. అందుకే సోమవారం రాత్రి టెక్స్ట్‌లో మూడు వాక్యాలు రాయమన్నాను: ఏం చేశాను, ఏం చేస్తాను, ఏది అడ్డం పడుతోంది. మూడోదే నేను వెంటనే చదివేది.

పనుల్ని కార్డులుగా పెట్టుకునే ట్రెల్లో యాప్‌లో నాలుగు నిలువు వరుసలు పెట్టండి: చేయాలి, చేస్తున్నాం, బిల్డ్‌లో చూడాలి, అయిపోయింది. ప్రాణం మూడో వరుసలో ఉంది. పని చేసినవాళ్లు కార్డుని అక్కడిదాకా మాత్రమే జరపగలరు. చివరి వరుసలోకి ఇంకొకరు, ఫోన్‌లో చూశాక జరపాలి. "అక్కా, కప్పల సౌండ్ అయిపోయింది" అని తమ్ముడు అన్నప్పుడల్లా మా అందరిదీ ఒకే మాట: "ఫోన్ల విన్నమా?" కొన్నాళ్లకి ఆ మాట నేను అనక్కర్లేకపోయింది, వాళ్లే ఒకరినొకరు అడిగారు.

కార్డు నాలుగు గంటలు దాటకూడదు. "తూము యానిమేషన్" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "తూము తాకితే బిరడా పైకి లేస్తుంది" ఒక కార్డు, "నీళ్లు కాలువలోకి పడతాయి" ఒకటి, "పడే చప్పుడు" ఒకటి, మూడింటి మీదా మూడు పేర్లు. చూసేవాళ్లకి ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో అదే కార్డు మీద ఉండాలి.

మనిషి కనబడకపోతే

ప్రతి స్టూడెంట్ టీమ్‌లోనూ ఒకరు మధ్యలో మాయమవుతారు. మెసేజ్ చూస్తారు, జవాబివ్వరు. గ్రూప్‌లో ట్యాగ్ చేసి "ఏమైంది?" అని అడిగారంటే ఆ మనిషి ఇంకో వారం రాడు. వ్యక్తిగతంగా వెళ్లండి, లేదా కాల్ చేయండి, పని గురించి రెండో మాటగా అడగండి. మా టీమ్‌లో ఒకరు ఇలా ఆగిపోయినప్పుడు వెనక ఉన్నది ఇంట్లో వైద్యం ఖర్చు, సాయంత్రాలు పార్ట్‌టైమ్ పని. అది తెలిశాక గంటలు సగానికి తగ్గించి, షీట్‌లో మార్చి, ఎర్ర గీత పైకి జరిపాం. ఒక స్థాయిలోని ఎద్దుల బండి పోయింది, మనిషి ఉండిపోయారు.

కారణమేమీ లేకుండా తప్పించుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల దగ్గర వరసగా రెండు శుక్రవారాలు ఏమీ రాకపోతే, వాళ్ల దగ్గరున్న ముఖ్యమైన పనిని వేరే చోటికి మార్చి, చిన్నదీ విడిగా ఉన్నదీ ఒకటి ఇవ్వండి. అదీ రాకపోతే గైడ్‌కి చెప్పండి. చెప్పబోతున్నామని ముందు ఆ మనిషికి చెప్పాలి. గైడ్ ముందు ఫిర్యాదుల చిట్టా పెట్టక్కర్లేదు. ట్రెల్లో బోర్డు, శుక్రవారం బిల్డ్‌ల జాబితా చూపిస్తే చాలు. అదే జాబితా రివ్యూలకీ ఉపయోగపడుతుంది. ప్రతి శుక్రవారం నేను అర పేజీ రాసేదాన్ని: ఏం చేరింది, ఏం తీసేశాం, ఎందుకు. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో సగం వాటిలోంచే తయారైంది.

వేరేవాళ్ల చేతికి ఇవ్వండి

మొదటి స్థాయి ఆడగలిగేలా అయిన వెంటనే బయటివాళ్లకి ఇవ్వండి. ఒక్కో విడతకి 5 మంది చాలు. వాడుకలోని చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ 5 మంది దగ్గరే బయటపడతాయని వాడుక సౌలభ్యం మీద పనిచేసే యాకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఫోన్ ఇచ్చి, నోరు కట్టేసుకుని, వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఎలా ఉందని అడిగితే బాగుందంటారు, ఆ జవాబుతో పని లేదు.

మా డిజైనర్ ఊళ్లో ఒక పెద్దాయన చాలా ఏళ్లు నీరటిగా చేశారు. ఆయన మొదటి స్థాయి చూసి, తూము ఒక్కసారిగా మొత్తం తీసేయడం తప్పన్నారు. "గట్ల తీస్తే కాల్వ కోసుకపోతది బిడ్డా" అన్నారు. ఆ ఒక్క మాటతో గేమ్ మారింది. అప్పటిదాకా తూముకి తెరవడం, మూయడం రెండే ఉన్నాయి. డిజైనర్ వేలు పట్టుకుని నెమ్మదిగా లాగేలా మార్చాడు, తొందరపడితే కాలువ గట్టు కోతపడుతుంది. గంటల పట్టికలో దీనికి చోటు లేదు. గీత పైనున్న ఇంకో పనిని కిందికి తోసి దీన్ని పెట్టాం. పరీక్షల్లో ఇలాంటిది దొరికితే పట్టికని మార్చడానికి వెనకాడొద్దు. పట్టిక ఉన్నది గేమ్ కోసమే.

చివరి మూడు వారాలు

సమర్పణకి మూడు వారాల ముందు కొత్తవన్నీ ఆపేయండి, దీన్నే ఫ్రీజ్ అంటారు. ఆ తర్వాత బగ్‌లు మాత్రమే. బగ్ రాసేటప్పుడు నాలుగు సంగతులుండాలి: ఏ ఫోన్, ఏం చేస్తుంటే, ఏమైంది, ఏం కావాల్సింది. ఆట ఆగిపోయేవి మొదటి తరగతి, ఆట తప్పుగా నడిచేవి రెండు, చూడటానికి బాగాలేనివి మూడు. మొదటి తరగతిలో ఒక్కటి ఉన్నా మూడోదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆర్టిస్టులకి ఇది బాధ కలిగిస్తుంది, ముందే చెప్పి పెట్టండి.

ప్లే స్టోర్‌లో పెట్టాలనుకుంటే ఆ పని నెలన్నర ముందే మొదలుపెట్టండి. డెవలపర్ ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు కట్టాలి, గుర్తింపు పరిశీలన ఉంటుంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (పిలిచినవాళ్లకే తెరిచే పరీక్షలో) ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు చేసుకోగలరు. మొదట్లో ఇది 20 మంది, తర్వాత తగ్గించారు. హాస్టల్‌లో 12 మంది దొరకడం కష్టం కాదు, 14 రోజులు వాళ్లని నిలబెట్టడం కష్టం. కాస్త ఎక్కువమందినే చేర్చుకోండి. అంత సమయం లేకపోతే ఇచ్ డాట్ ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు, లింకు పంపితే ఎవరైనా దించుకుంటారు.

ఆండ్రాయిడ్ బిల్డ్ మీద సంతకం చేసే కీస్టోర్ ఫైలు, దాని పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. నేరుగా ఏపీకే ఇస్తున్నప్పుడు అది పోతే, ఆడుతున్నవాళ్ల ఫోన్లలో పాత గేమ్ మీద కొత్త వెర్షన్ ఎక్కదు. దాన్ని గిట్‌లో మాత్రం పెట్టకండి.

బయటి నుంచి తెచ్చిన ప్రతి శబ్దానికీ ఎక్కడిదో, ఏ లైసెన్సో తెచ్చిన రోజే షీట్‌లో రాయించండి. శబ్దాలు దొరికే ఫ్రీసౌండ్ సైట్‌లో కొన్ని సీసీ జీరో (ఏ షరతూ లేనివి), కొన్నింటికి పేరు చెప్పాలి, కొన్ని వ్యాపారానికి పనికిరావు. చివరి వారంలో వెనక్కి వెతకడం చాలా కష్టం. మా తమ్ముడు కప్పల్నీ, మత్తడి హోరునీ వానాకాలంలో తనే రికార్డు చేసి ఉంచుకున్నాడు, ఆ షీట్‌లో ఎక్కువ వరుసలు అతని పేరే.

క్రెడిట్స్ తెరని ఫ్రీజ్‌కి ముందే పూర్తి చేయండి. ప్రతి ఒక్కరినీ తమ పేరు తెలుగులో ఎలా రాయాలో అడగండి, ఊహించకండి. ఎవరేం చేశారో వాళ్లే ఒక వాక్యం రాసివ్వాలి. అదే వాక్యం రెజ్యూమెలో పెట్టుకుంటారు కాబట్టి ఏడుగురూ మిగతా ఆరుగురివీ చదివి ఒప్పుకోవాలి.

వైవా అయిన మర్నాడు ఇంకొక పని ఉంది. రిపోజిటరీ, ట్రెల్లో బోర్డు, ప్లే స్టోర్ ఖాతా కాలేజీ మెయిల్ ఐడీ మీద ఉంటే వాటిని సొంత ఐడీలకి మార్చండి, పాసయ్యాక కాలేజీ ఐడీలు మూతపడొచ్చు. వీలున్న చోట ఇద్దరికి అడ్మిన్ హక్కులు ఇవ్వండి. ఆఖరి బిల్డ్, సోర్స్, ఆర్టిస్టుల ఒరిజినల్ ఫైళ్లు ఒక హార్డ్ డిస్క్‌లోకీ, ఒక డ్రైవ్‌లోకీ ఎక్కించి లింకు ఏడుగురికీ పంపండి. ఫైన్ ఆర్ట్స్ వాళ్లకి పోర్ట్‌ఫోలియో కోసం పెద్ద సైజు స్క్రీన్‌షాట్లు, 30 సెకన్ల వీడియో విడిగా కావాలి. అవి మీరే తీసి ఇవ్వండి, బిల్డ్ ఇంకా మీ ఫోన్‌లో ఉండగానే.